విరవకూడని నాచు

"విరవకమ్మాయ్, విరవకు. అది బాలింత నాచు. సంచీలో పట్టకపోతే సంచీ మార్చుకుంటారు గాని నాచుని మడిచేస్తారా ఎవరైనా? మీ అమ్మ చెప్పలేదా నీకు? కానుపు అడ్డం తిరుగుతుందంటారు. నువ్వు నమ్ముతావా అని నన్నడక్కు. నమ్మినా నమ్మకపోయినా నా ఇంట్లో విరవడానికి వీల్లేదు."

తాక్ పిల్‌సున్ అక్క ఇలా కసిరేసరికి ఆ అమ్మాయి చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మనిషంత పొడుగున్న ఎండు నాచు పాయ సగం సంచీలో, సగం బయట. నేను అప్పుడే కుట్టి తెచ్చిన తెరలు కిటికీకి తగిలిస్తూ బల్ల మీద నిలబడి ఉన్నాను. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. అక్క కోపంలో ఉన్నప్పుడు నవ్వితే ఆ కోపం నవ్వినవాళ్ళ మీదికి మళ్ళుతుంది.

ఆ అమ్మాయి పేరు గ్వాక్ సోల్హీ. బూసాన్‌లో ఒక పెద్దాసుపత్రిలో నెలలు తక్కువ పుట్టిన పిల్లల వార్డు నర్సు. ఆ నాచు మా బజారులోనే ఓక్‌దాన్ కొట్లో కొన్నదట. పరీక్షకి పంపాలట, అక్కడ ఎలాగూ ముక్కలు చేస్తారట. అక్కడ ఏమైనా చేసుకోండి, నా గుమ్మం దాటేదాకా అది పొడుగ్గానే ఉండాలంది అక్క. చివరికి నేను తెరలు చుట్టి తెచ్చిన అట్టగొట్టంలో దూర్చి ఇస్తే ఆ గొడవ తీరింది.

అప్పుడు వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టింది సోల్హీ. మొదట "మేడమ్" అని పిలిచింది.

"మేడమా? ఆ పేరుతో వీధి చివర బ్యూటీపార్లరుంది. జుట్టు వంకీలు తిప్పించుకోవాలంటే అక్కడికెళ్ళు," అంది అక్క.

ఆ పిల్ల నవ్వేసి, "పెద్దమ్మా" అని మార్చుకుంది. ఆ తర్వాత చెప్పింది. నర్సులూ మంత్రసానులూ కలిసి ఒక పరిశోధన చేయబోతున్నారు. బాలింతలు రోజుకు ఎంత నాచు చారు తాగుతారు, అందులోని అయొడిన్ పాలల్లోకి ఎంత వెళ్తుంది, ఆ పాలు తాగిన నెలలు తక్కువ పిల్లల థైరాయిడ్ ఎలా ఉంటుంది, ఇవీ తెలుసుకోవలసినవి. ఆసుపత్రి నర్సులకు వార్డు తెలుసు. తల్లి ఇంటికి వెళ్ళాక వంటింట్లో కుండ ఎంత ఉంటుందో, గరిటె ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ళకు తెలియదు. అక్కడికి వెళ్ళేది మంత్రసాని. అందుకని పిల్‌సున్ అక్క కావాలి. అడిగినదానికి జవాబిచ్చే మనిషిగా కాదు, అడిగేవాళ్ళలో ఒకరుగా.

అక్క ఒప్పుకోలేదు. తాను కానుపులు చేసేదాన్నని, పరిశోధనలు కళ్ళద్దాలవాళ్ళ పని అని చెప్పింది.

"మీకూ ఉన్నాయిగా కళ్ళద్దాలు," అంది సోల్హీ.

"ఇవి కంట్లో నలక తీయడానికి."

రెండు బియ్యపు రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, బస్సు స్టాపుదాకా వెళ్ళి ఎక్కించి వచ్చింది. వద్దన్న మనిషిని అంత మర్యాదగా సాగనంపడం అక్క పద్ధతి.

*

పిల్‌సున్ అక్క మా కిజాంగ్ తీరంలోనే పుట్టింది. వాళ్ళమ్మ చలినీళ్ళలో మునిగి రాళ్ళ మీది నాచు కోసేది. అక్కని కన్నరోజు కూడా మోపు ఒడ్డుకు చేర్చాకే నొప్పులొస్తున్నాయని నోరు విప్పిందట. ఆ నాచు అమ్మిన డబ్బుతో చదువుకున్న పిల్ల నర్సయింది, తర్వాత మంత్రసాని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది, రేవు వెనకవీధిలో కానుపుల ఇల్లు తెరిచింది. మా బజారులో ఇప్పుడు చేపలు తరిగేవాళ్ళలో, మోటార్ సైకిళ్ళ మీద ఐసు మోసేవాళ్ళలో సగంమంది మొదటిసారి ఏడ్చింది ఆవిడ చేతుల్లోనే. ఎంత మొనగాణ్ణయినా నడివీధిలో ఆపి, "ఒరేయ్, నిన్ను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాను, జ్ఞాపకముందా" అంటుంది. వాడు చేపలబుట్ట కింద పెట్టి నడుం వంచి నమస్కరిస్తాడు.

ఇప్పుడు కనేవాళ్ళే తక్కువ. కన్నా పట్నం ఆసుపత్రుల్లో కంటారు. అక్కకు మిగిలిన పని పాలు పడని బాలింతలది. రాయిలా గడ్డకట్టిన రొమ్ముని వేడిగుడ్డతో కాపి, నెమ్మదిగా నిమిరి నిమిరి పాలు దారికి తెస్తుంది. ఆ పనయ్యాక వంటింట్లోకి వెళ్తుంది. నాచు నానబెట్టి, నువ్వుల నూనెలో వేయించి, ఆలిచిప్పల మాంసం వేసి, పెద్దకుండలో చారు మరిగిస్తుంది. మొదటి గిన్నె బిడ్డలనిచ్చే సామ్‌షిన్ అవ్వకి, అన్నంతోనూ మంచినీళ్ళతోనూ కలిపి చిన్నబల్ల మీద. రెండోది బాలింతకి. ఆ తర్వాతివి లెక్కపెట్టకూడదు. పొద్దున, మధ్యలో, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు, ఎప్పుడు కళ్ళు తెరిస్తే అప్పుడు ఒక గిన్నె. ఎంత తాగితే అంత పాలు, అంత శుభ్రం. మా అమ్మలు అలాగే పోశారు, మేమూ అలాగే తాగాం. అక్క చారు తాగితే ఓక్‌దాన్ కొట్లో తూకపురాయికి కూడా పాలు పడతాయని బజారులో వేళాకోళం.

బాలింత నాచు కొనేటప్పుడు బేరమాడకూడదు. అమ్మేవాళ్ళు విరిచి ఇవ్వకూడదు. పొడుగ్గా ఉన్నది పొడుగ్గానే తాడు కట్టి భుజాన వేసుకుని పోవాలి. బస్సులో ఎవరి భుజాన అది కనబడినా మనుషులు లేచి చోటిస్తారు, ఎవరింట్లోనో పురుడని.

*

సోల్హీ మళ్ళీ వచ్చింది. ఈసారి పరిశోధన ఊసెత్తలేదు. ఓక్‌దాన్ తడికల మీద నాచు ఆరబెడుతుంటే వెళ్ళి చెయ్యి సాయం చేసింది. తర్వాత అక్క ఇంటికొచ్చి, నేను దిండుగలీబులకు బొత్తాలు కుడుతున్నచోట చతికిలబడి, బార్లీ నీళ్ళు తాగుతూ తన వార్డు సంగతులు చెప్పుకొచ్చింది.

వాళ్ళ వార్డు పక్కన తల్లులు పాలు పిండి ఇచ్చే గది ఒకటుంది. అందులోకి అడుగుపెడితే చాలు, నాచు చారు వాసన. ప్రతి తల్లి పక్కనా ఒక ఫ్లాస్కు, దాన్ని పట్టుకుని ఒక అమ్మో అత్తగారో. యంత్రం ఒకవైపు పాలు లాగుతుంటే ఇంకోవైపు నోట్లోకి చారు పోస్తుంటారు. ఆ పాలే అద్దాలపెట్టెల్లో ఉన్న గుప్పెడంత పిల్లలకు గొట్టంగుండా పోతాయి. కొందరు పిల్లల రక్తపరీక్షల్లో థైరాయిడ్ మందగించినట్టు వచ్చేది. డాక్టరు మాత్ర రాసేవాడు, అది పొడిచేసి పాలలో కలపడం సోల్హీ పని. అలా కలుపుతూ కలుపుతూ ఒకరోజు ఆ పిల్ల ముక్కుకి పాలసీసాలోంచి ఆ గది వాసనే వచ్చినట్టనిపించింది. నిజంగా వచ్చిందో లేదో తనకే తెలియదట. పెద్ద నర్సుని అడిగితే, ఉన్న పని చాల్లేదా, అలాంటివి ప్రొఫెసర్లు చూసుకుంటారంది. ప్రొఫెసర్లు పాలగదిలోకి ఎందుకొస్తారు? పుస్తకాలు తిరగేస్తే, అయొడిన్ మరీ ఎక్కువైనా పసిపిల్లల థైరాయిడ్ మందగిస్తుందేమోనన్న ఈ సందేహం ఇంతకుముందే కొందరికి వచ్చిందని తెలిసింది. ఐతే మా తీరంలో ఎంత తాగుతారో, ఎవరు పోస్తారో, ఎన్నాళ్ళు పోస్తారో ఎవరూ ఇంటింటికీ వెళ్ళి అడగలేదు.

అక్క అప్పటిదాకా ఏదో సద్దుతున్నట్టు అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడొచ్చి కూర్చుంది.

"ఆ పిల్లలు ఎలా ఉంటారు? మాత్ర వేయని పిల్లలు?"

చాలామందికి వాళ్ళంతట వాళ్ళకే సర్దుకుంటుందని చెప్పింది సోల్హీ. మరీ చిన్నగా పుట్టి, మొదటి పరీక్షలో బయటపడక, రెండోది ఆలస్యమైతే మాత్రం కొంచెం భయమే.

"చూస్తే తెలుస్తుందా?"

"పెద్దగా తెలీదు పెద్దమ్మా. నిద్రమత్తుగా ఉంటారు. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతారు. ఏడవరు."

"ఏడవరు," అంది అక్క.

లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది. కుళాయి పారుతూనే ఉంది, గిన్నెల చప్పుడు మాత్రం లేదు. సోల్హీ నావైపు చూసింది. నేను దారం తెంపాను.

*

అక్క మనవరాలు బోరిని నేనెరుగుదును. అక్క కూతురు ఉన్‌శిల్ తేగులో కాపురముంటుంది. ఏడేళ్ళ కిందట బోరిని నెలలు నిండకముందే కన్నది. అక్క ఇక్కడి ఇల్లు తాళం వేసి, ఓక్‌దాన్ ఏరి ఇచ్చిన పొడుగు నాచు భుజాన వేసుకుని తేగు వెళ్ళింది. కూతురింట్లో కుండ పెట్టింది. వేళకొక ఫ్లాస్కు నింపుకుని ఆసుపత్రికి పోవడం, పోయడం, ఖాళీది తెచ్చుకోవడం. ఉన్‌శిల్‌కి పాలు పొంగిపోయాయి. పాలగదిలో మిగతా తల్లులు ఈర్ష్యపడేవాళ్ళని ఉన్‌శిల్ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. మా అమ్మ చారే నన్నూ నా బిడ్డనీ బతికించిందంటుంది.

పాప ఇంటికొచ్చింది. ఏడ్చేది కాదు. తడిసినా ఏడవదు, ఆకలైనా ఏడవదు. మావైపు ఏడవని పిల్లంటే వరమే. వచ్చినవాళ్ళంతా ఎంత నెమ్మదైన పిల్లో, తల్లిని కష్టపెట్టని బంగారమని మురిసిపోయారు. అక్క ఆ మాటలు మోసుకొచ్చి బజారంతా పంచింది. నా కొట్లో కూర్చుని, నా మనవరాలికి ఏడుపంటే ఏమిటో తెలియదే అని చెప్పిన రోజు నాకు బాగా జ్ఞాపకం. నేనూ మెచ్చుకున్నాను. మెచ్చుకోని వాళ్ళెవరూ లేరు.

తర్వాతెప్పుడో ఇంకో పరీక్ష చేసి థైరాయిడ్ అన్నారు. మాత్ర వేశారు, కొన్నాళ్ళకు ఆపేశారు. బోరి ఆలస్యంగా కూర్చుంది, ఆలస్యంగా నిలబడింది, మాటలు ఇంకా కూడబలుక్కుంటూనే ఉంది. నెలలు తక్కువ పిల్లలు కొందరు అంతేనన్నారు డాక్టర్లు. అదీ నిజమే కావచ్చు. ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి వస్తే రోజంతా నా కొట్లోనే గడుపుతుంది. బొత్తాలడబ్బా కుమ్మరించి రంగురంగుల వరసలు పేరుస్తుంది. ఒక్క బొత్తాం పెట్టడానికి ఎంతసేపయినా చూస్తుంది. వరస పూర్తయ్యాక నా చెయ్యి పట్టి లాగి, "చూడు" అంటుంది. చూడడం తప్ప ఆ పిల్ల నా దగ్గర ఎప్పుడూ ఏమీ కోరలేదు.

సోల్హీ ఆరోజు వెళ్ళిపోయాక అక్క నా కొట్టుకొచ్చి ఆ బొత్తాలడబ్బా ముందేసుకుని కూర్చుంది.

"ఫ్లాస్కు బరువుగా ఉండేదే," అంది. "రెండు చేతుల్తో పట్టుకునేదాన్ని."

నేనేదో ఓదార్పుగా అనబోతే, నోర్ముయ్యమంది. ఉన్‌శిల్ మళ్ళీ కడుపుతో ఉందని, ఈసారి కూడా ముందే రావచ్చన్నారని అప్పుడు చెప్పింది. ఈసారీ అమ్మే వచ్చి కుండ పెట్టాలని కూతురు ఎదురుచూస్తోంది. దానికి ఏమని చెప్పాలి? చెబితే బోరి సంగతీ చెప్పినట్టే. చెప్పకపోతే మళ్ళీ ఫ్లాస్కు నింపాలి.

ఆ వారమే సోల్హీకి ఫోన్ చేసి వస్తానంది.

*

పరిశోధన మొదలైన రోజు ఆసుపత్రి కింది అంతస్తులో ఒక గదిలో కలిశారు. కుర్చీలు మోయడానికి నన్నూ తీసుకెళ్ళింది అక్క. వార్డు నర్సులు కొందరు, ఊళ్ళలోంచి వచ్చిన మంత్రసానులు కొందరు. అందరూ గోడవారగా సర్దుకుని కూర్చున్నారు, ముందు కుర్చీలు ఖాళీ. ఎవరైనా డాక్టరొచ్చి మొదలుపెడతాడని చూస్తున్నారు. డాక్టరెవరూ లేరు, మనమేనని సోల్హీ చెబితే ఒక నర్సు మెల్లగా, మనకిది చేతకాదేమో, తప్పులొస్తే అందరూ నవ్వుతారేమోనంది. ఇంకొకామె డ్యూటీ అయ్యాక నిలబడే ఓపికే ఉండదంది. అవన్నీ నిజమైన మాటలే కాబట్టి ఎవరూ కాదనలేదు.

అప్పుడు అక్క లేచింది.

"పాలగదిలో చారు వాసన వస్తుందా రాదా?"

వస్తుందన్నారు.

"ఎన్నేళ్ళనుంచి?"

ఉద్యోగంలో చేరిననాటినుంచీ వస్తూనే ఉందంది ఒక నర్సు.

"నేను ఆ వాసన మోసుకొచ్చినదాన్ని. మీరు పీల్చినవాళ్ళు. అంతమందిమి ఉన్నాం, ఇదేమిటని ఒక్కళ్ళం అడగలేదు. మనది కాదనుకున్నాం. ఎవరిదనుకున్నామో మరి. తప్పులు రాకుండా ఎలా అడగాలో ఈ పిల్ల నేర్పుతానంటోంది. నాకీ వయసులో నేర్చుకోవడం కష్టమే. అయినా ముందు కుర్చీలో కూర్చుంటాను, వెనకనుంచి నాకు వినబడదు."

వెళ్ళి ముందు కూర్చుంది. కాసేపటికి డ్యూటీ సంగతి చెప్పినామె కూడా కుర్చీ ముందుకు లాక్కుంది. మెల్లగా మిగతావాళ్ళూ. బోరి పేరు అక్క ఎత్తలేదు.

ఆ ఎండాకాలమంతా ఇంటింటికీ తిరిగింది. రొమ్ము నిమురుతూనే తల్లిని అడిగేది, నిన్న ఎన్ని గిన్నెలు తాగావని. తర్వాత వంటింట్లోకెళ్ళి గిన్నె ఎంత పడుతుందో కొలిచేది. మొదట్లో అడగడం చేతకాలేదు. "మరీ ఎక్కువ తాగట్లేదుగా" అని అడిగేసేది. తల్లులు లేదనేవాళ్ళు. జవాబు నోట్లో పెట్టి అడగకూడదని సోల్హీ మళ్ళీ మళ్ళీ చెప్పింది. పుట్టిన పిల్లని చూసి ఆడో మగో చెప్పినట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పించాలంది. ఆ పోలికతో అక్కకు దారి దొరికింది.

ఒక అత్తగారు కుండమీద మూత వేసి దానికి అడ్డం నిలబడింది. "మంత్రసానివై చారు కొలుస్తావా? నువ్వేగా నా మొగుడి చెల్లెలికి పురుడు పోసి, తాగు తాగు అని నెత్తిన కూర్చున్నావు. ఇప్పుడు సామ్‌షిన్ అవ్వ బల్ల మీద గిన్నెకి కూడా లెక్క చెప్పమంటావా?"

"అవ్వ గిన్నె వద్దులే వదినా. ఆవిడకి నెలలు తక్కువ పిల్లలు లేరు," అంది అక్క. ఆ ముసలావిడ నవ్వాపుకోలేక మూత తీసింది.

ఓక్‌దాన్ మాత్రం నవ్వలేదు. పిల్‌సున్ నాచుని విషమంటోందని బజారులో ఎవరో అంటించారు. చిన్నప్పటినుంచి ఒకే ఒడ్డున పెరిగిన మనిషి, అక్క తన కొట్టు ముందునుంచి వెళ్తుంటే తడిక వెనక్కి తిరిగిపోయేది. అక్క ఒకరోజు ఆగి, విషమని నేననలేదే, తెలియదన్నాను, తెలియకపోతే అడగకూడదా అంది. మీ అమ్మ కూడా దీంతోనే నిన్ను చదివించిందని ఓక్‌దాన్ తడికతోనే చెప్పింది. అక్క తిరిగి వచ్చేసింది. ఆ సాయంత్రం నా కొట్లో, అది అన్న మాట అబద్ధం కాదే అంది.

*

ఆకులు ఎర్రబడే రోజుల్లో సోల్హీ ఒకసారి వచ్చినప్పుడు, నేనుండగానే అక్క అడిగింది.

"ఇందులో పాత పిల్లల్ని కలపొచ్చా?"

ఎవర్నని అడిగింది సోల్హీ. అప్పుడు బోరి గురించి చెప్పింది అక్క. ఫ్లాస్కు, పాలు పొంగడం, ఏడవకపోవడం, అందరూ మెచ్చుకోవడం, మొత్తం. బాలింత దగ్గర అడిగి తెలుసుకున్న సంగతి చెప్పినట్టే చెప్పింది.

సోల్హీ తాగుతున్న గ్లాసు కింద పెట్టింది.

"కలపలేం పెద్దమ్మా. ఇప్పుడు పుట్టినవాళ్ళే లెక్క. కలిపినా... ఇంతమంది తల్లుల్ని చూసి, ఇంత తాగితే ఇలా జరిగే వీలు ఎక్కువని మనం చెప్పగలమేమో. అది కూడా ఏమో. కానీ బోరికి అందువల్లే అలా అయిందా, ముందే పుట్టినందువల్ల అయిందా అన్నది మనమే కాదు, ఎవరూ చెప్పలేరు. ఎప్పటికీ."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ."

అక్క తలూపింది. తాను ఇన్నాళ్ళూ ఆ ఒక్క సంగతికోసమే ఇల్లిల్లూ తిరిగిందని నాకప్పుడు తెలిసింది. అవుననో కాదనో ఎవరో ఒకరు చెబుతారనుకుంది. అవునంటే ఏడ్చేది, కాదంటే బతికేది. రెండూ లేవు. సోల్హీ దగ్గరికొచ్చి అక్క చెయ్యి పట్టుకుని, మీరింక మానేయాలనుకుంటే మానేయండి, నేనేమీ అనుకోనంది.

"రేపు వోల్‌చన్ ఊళ్ళో ఒక బాలింత దగ్గరికి వెళ్ళాలి," అంది అక్క. "పరీక్షకి పాలు పట్టే సీసాలు తెచ్చావా?"

*

ఉన్‌శిల్ ఫోన్ చేసినప్పుడు అక్క నా కొట్లోనే ఉంది. ఆసుపత్రిలో చేర్చుకున్నారట, ఈ వారంలోనే కావచ్చట. గొంతులో భయం లేదు, పైగా హుషారుగా ఉంది. అత్తగారు ఏదో ముక్కలు చేసిన నాచు పొట్లం తెచ్చిందని, తాను ముట్టుకోనని, అమ్మే పొడుగుది పట్టుకుని రావాలని, పోయినసారి కన్నా పెద్దకుండ కొనిపెట్టానని చెప్పింది. వెనకనుంచి బోరి గొంతు వినిపించింది, ఏదో చూడమంటోంది.

"సరే," అంది అక్క. "సరే. సరే." ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పొద్దున నేను తేగు బట్టలబజారుకి వెళ్ళాలని కొట్టు తలుపు వేస్తున్నాను. అక్క వీధిలో ఎదురొచ్చింది. భుజాన పొడుగు నాచు. ఓక్‌దాన్ వసంతకాలంలో, ఇంకా మాటలున్నప్పుడు, ఉన్‌శిల్ కోసమని ఏరి పెట్టిన పాయ అది. అప్పటినుంచీ అక్క ఇంట్లో గోడకి వేలాడుతోంది. తాను కూడా వస్తుందనుకున్నాను. లోపలికి రమ్మంది. నా కత్తిరింపుల బల్ల మీద నాచు పరిచింది. ఒకసారి ఈ చివరనుంచి ఆ చివరదాకా అరచేత్తో నిమిరింది. తర్వాత రెండు చేతుల్తో పట్టుకుని మధ్యకి విరిచింది.

ఆ చప్పుడు నేనెప్పుడూ విని ఎరగను. ఎండుకొమ్మ విరిగినట్టుంటుంది. బల్ల మీద నల్లటి పొడి రాలింది. అక్క సగాన్ని మళ్ళీ విరిచింది, చిన్నముక్క ఒకటి తీసి నా చేతిగుడ్డలో చుట్టింది. మిగిలినదాన్ని అలాగే వదిలేసింది.

"నువ్వు రావా అక్కా?"

"వస్తే కుండ పెడతాను. గరిటె పట్టుకున్నానంటే నా చెయ్యి ఆగదు. నా చెయ్యి సంగతి నాకు తెలుసు. రెండ్రోజులాగి, అది కొంచెం కోప్పడ్డాక వస్తాను." గుడ్డ ముడి బిగించి నా సంచీలో పెట్టింది. "ఎవరు విరిచారని అడుగుతుంది. అమ్మే విరిచిందని చెప్పు. ఇంకెవరి పేరూ చెప్పకు. రోజుకి ఒక్క గిన్నె, చిన్నగిన్నె. పెద్దకుండ వాళ్ళత్తగారికిచ్చేయమను, ముల్లంగి పచ్చడి పెట్టుకుంటుంది."

"ఎందుకని అడిగితే?"

"అమ్మకి తెలీదట, తెలుసుకోవడానికే తిరుగుతోందట అని చెప్పు. అక్కడి నర్సు వచ్చి ఏమైనా అడిగితే దాచకుండా చెప్పమను. బోరి మాట మాత్రం నువ్వెత్తకు. అది నేను చెప్పాలి. వచ్చి చెప్తాను."

బల్ల మీద పొడిని అరచేత్తో ఒకచోటికి తోసింది. నేను సంచీ భుజాన వేసుకుని గుమ్మం దిగాను. వెనకనుంచి మళ్ళీ పిలిచింది.

"ఏమే, ఇంకొక్కటి. పాప ఏడవకుండా పడుకుంటే బంగారుతల్లీ అని మెచ్చుకోవద్దని చెప్పు. ఎవర్నీ మెచ్చుకోనివ్వొద్దని చెప్పు. అరికాలు గిల్లి లేపమను. వెళ్ళు, బస్సు పోతుంది."